నా పికప్పూ, వాళ్ల పిండిమరా

అనకాపల్లి మెయిన్ రోడ్డులో నాకో కళ్లజోళ్ల దుకాణం ఉంది. నెలకి సరిపడా సరుకంతా స్కూటరు డిక్కీలో పట్టేస్తుంది. అలాంటివాడు వెనక పెద్ద తొట్టీ ఉన్న పికప్పు బండి ఎందుకు కొన్నాడని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. మా ఆవిడ సుజాత దగ్గర ఉంది. "అది బండి కాదు, ఈయనకి లేటు వయసులో అయిన రెండో పెళ్లి" అని చుట్టాలందరికీ చెబుతోంది.

చిన్నప్పుడు మేం బెల్లం మార్కెట్టు పక్కన ఉండేవాళ్లం. దిమ్మలు నింపుకుని మూలుగుతూ పోయే పాత పికప్పు జీపులంటే నాకు ప్రాణం. ఆ బెల్లం వాసన, డీజిల్ వాసన కలిసి వస్తుంటే అన్నం మానేసి గుమ్మంలో నిలబడేవాణ్ని. ఆ మోజే ఇన్నాళ్లకి తీర్చుకున్నాను. కాకపోతే ఇప్పటి బండి వేరు. దీని సీట్లోంచి కూడా చల్లగాలి వస్తుంది. పలకంత తెర ఉంది. వెనక్కి పోతుంటే వెనక ఏముందో అందులో కనబడుతుంది. గోడకి కాస్త దగ్గరగా వెళితే కుయ్ కుయ్ మని గోల పెడుతుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి. తొట్టీకి గీతలు పడకుండా లోపల ప్లాస్టిక్ పరుపు, పైన మూత. కొన్నప్పటి నుంచీ ఆ తొట్టీలో నేను మోసింది ఒకే ఒక్క వస్తువు. ఆ బండి మీద కప్పడానికి కొన్న కవరు.

సుజాత పెళ్లికి ముందు ముంచింగిపుట్టు దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేసింది. పెళ్లయ్యాక మా వైపు బళ్లకి మారి, ఈ వేసవిలో రిటైరైంది. ఆ స్కూల్లో వంటకి సాయం చేసిన బుద్రమ్మని ఒక్కసారి చూసి రావాలని ఎప్పటి నుంచో పోరుతోంది. "బండి మొహం కొండలకి చూపించినట్టూ ఉంటుంది, నా మాట చెల్లినట్టూ ఉంటుంది" అంది. బయలుదేరాం.

అనంతగిరి ఘాటులో ఓ పనసపండు

శృంగవరపుకోట దాటి కొండ ఎక్కుతుంటే గాలి మారిపోయింది. కింద ఉక్కపోత, పైన కాఫీ తోటల మీద తడి మబ్బు. వెళ్లనివాళ్ల కోసం చెబుతున్నాను, ఆ మలుపుల్లో ఏసీ ఆపేసి అద్దాలు దించండి. అందుకు డబ్బు కట్టక్కర్లేదు. నేను మాత్రం సీటు చల్లదనం ఎంత బాగా పనిచేస్తోందో సుజాతకి చూపిస్తూ కూర్చున్నాను.

అనంతగిరి దగ్గర రోడ్డు పక్కన బొంగు చికెన్ కాలుస్తున్నారు. ఎదురుగా ఒకావిడ పనసపళ్లు పెట్టుకుని కూర్చుంది. మా ఊళ్లో చెప్పే ధరలో మూడో వంతుకే చంటిపిల్లంత పండు ఇచ్చింది. బేరమాడబోతే సుజాత మోచేత్తో పొడిచింది.

పండు ఎక్కడ పెట్టాలి? తొట్టీలో పెడితే ముళ్లకి గీతలు పడతాయి. అందుకని వెనక సీట్లో పెట్టాను. బండి కదిలిందో లేదో టింగ్ టింగ్ మని మొదలైంది. సీటు మీద ఎవరో మనిషి బెల్టు పెట్టుకోకుండా కూర్చున్నాడని దాని బాధ. దిగి పనసపండుకి బెల్టు పెట్టాను. అప్పుడు ఊరుకుంది. పండమ్మిన ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"తొట్టీ ఉన్న బండి కొని పండుని పల్లకీ ఎక్కించారు" అంది సుజాత. బొర్రా దాకా అదే మాట.

అరకులో పూలకుండీ

అరకులో మేం దిగిన చోట, ముందు తోటలో ఒక పాత పికప్పు నిలబెట్టారు. నా చిన్ననాటి రకం. ఎర్ర రంగు వేసి, తొట్టీలో బంతులూ చేమంతులూ నాటారు. ఫొటోలు దిగడానికి కుర్రజంటలు వరసలో నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చాక బానెట్టు మీద చెయ్యి వేస్తే ఒళ్లు పులకరించింది.

"ఇంజన్ ఎలా ఉంది?" అని వాచ్‌మన్ని అడిగాను.

"ఇంజనేటి సార్, తీసీసేరు. తొట్టీలో మట్టి పోసేరు. నీల్లు పోయడవే దానికి డీజిలు" అన్నాడు.

నాకు బాధేసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, ఇలాంటిదొకటి ఎక్కడైనా దొరికితే కొని బాగుచేయించుకుంటే ఎలా ఉంటుందని సుజాతతో అన్నాను. "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది" అని పెరుగన్నం కలుపుకుంది. ఆ విషయం అక్కడితో ఆపాను.

ముంచింగిపుట్టు సంత

మర్నాడు పెదబయలు దాటాక దారి పొడుగునా సంతకి నడిచిపోతున్న జనం. మగవాళ్ల భుజాల మీద కావిళ్లు, ఆడవాళ్ల తలల మీద చీపురు కట్టలు. ఒక ముసలమ్మ నా బండి చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపి ముందుకి పోయాను.

"ఆవిడ టాటా చెప్పలేదండీ. బండి ఆపమంది. ఇక్కడ సంత రోజున ఖాళీ బండి ఆగకుండా పోదు" అంది సుజాత.

సిగ్గుపడి వెనక్కి వచ్చాను. ముసలమ్మతో పాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పనసపండు పక్కన సర్దుకుని కూర్చున్నారు. కూర్చోగానే ముగ్గురూ కెవ్వుమని లేచారు.

"అమ్మో, సీటు తడిసిపోనాది బావూ!"

తడి కాదు, చల్లదనమని ఎంత చెప్పినా నమ్మలేదు. చేత్తో తడిమి, చెయ్యి వాసన చూసుకుని, చివరికి కొంగు మడిచి కిందేసుకుని కూర్చున్నారు. నేను సీటు చల్లదనం ఆపేశాను. అప్పుడు హాయిగా కబుర్లలో పడ్డారు.

సంతలో సుజాత నన్ను మర్చిపోయింది. విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు, చింతపండు, పసుపు, కింద మైదానం నుంచి వచ్చిన ఎండుచేపలు, ఉప్పు, సబ్బులు. చాలామంది ఇంకా మానికతోనే కొలుస్తున్నారు. మా ఊళ్లో కొసరు కోసం దెబ్బలాడతాం. ఇక్కడ ఒకావిడ సామలు కొలిచి ఇచ్చి, అడక్కుండానే దోసెడు పైన పోసింది. నాకు అలవాటు లేక, పొరపాటున పోసిందేమో అనుకుని వెనక్కి తీసి ఇవ్వబోయాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

బుద్రమ్మే మమ్మల్ని కనిపెట్టింది. జనంలోంచి దూసుకొచ్చి సుజాత మొహం రెండు చేతుల్లోకి తీసుకోబోయింది. ఎడమ చెయ్యి చెంప దాకా వచ్చింది. కుడి చెయ్యి గడ్డం దగ్గరే ఆగిపోయింది.

"టీచరమ్మా! నువ్వేనా తల్లీ! ముసిలిదానివైపోనావు!"

"నువ్వు మాత్రం పడుచుపిల్లవా?" అంది సుజాత, కళ్లు తుడుచుకుంటూ. "చెయ్యి ఏమైందే?"

"ఏటవుద్ది? తిరగలి. కోడి కూయకముందే లేసి కూకుంటే తెల్లారీదాకా తిప్పడవే. మండియా పిండి నేకపోతే మా ఇంట అంబలి నేదు. బుజం పట్టీసింది." మేం చోళ్లనే రాగుల్ని అక్కడ మండియా అంటారు. "అయినా ఈయేళతో అయిపోనాది. రా, సూపిత్తాను."

ఒక షావుకారు దుకాణం అరుగు మీదికి లాక్కుపోయింది. అక్కడ గోనె కప్పి ఉంది కొత్త పిండిమర. పక్కనే దాన్ని తిప్పే డీజిల్ ఇంజన్. వాళ్ల ఊరి ఆడవాళ్లంతా చీపుర్లూ అడ్డాకులూ అమ్మి, సంఘంలో కూడబెట్టి తెప్పించుకున్నారట. లారీవాడు అక్కడి దాకా తెచ్చి దింపేశాడు. సంత అయ్యాక బుద్రమ్మ వాళ్లన్న గాసన్న తన జీపులో ఊరికి చేరవేయాలి.

గాసన్న జీపు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అరకులో పూలు పూసినదే, అచ్చం అదే. కాకపోతే దీనికి రంగు లేదు, ఇంజన్ ఉంది. తలుపుకి తాడు, అద్దానికి చెక్కముక్క, హారన్ కోసం రెండు వైర్లు. నేను దాని చుట్టూ తిరుగుతుంటే గాసన్న నా బండెక్కి స్టీరింగు దగ్గర కూర్చుని తెర మీద వేలు పెట్టి చూస్తున్నాడు. పక్కనున్న కాగితం చదవబోయి చెయ్యి బారెడు దూరం పెట్టాడు. దగ్గరి చూపు తగ్గిందని నా వృత్తి నాకు చెప్పింది.

"పాత బండి అందం పాత బండిదే గాసన్నా. అదృష్టవంతుడివి" అన్నాను.

"ఏటి అదురుస్టం బావూ? పట్నం బాబులందరూ ఇదే సెప్తారు. ఫొటో దిగుతారు, ఎల్లిపోతారు. ఇది నా నడుం ఇరిచీసింది. ఇష్టమయ్యి నడుపుతున్నానేటి? ఇంకోటి నేక నడుపుతున్నాను." సీటు మీద వీపు వాల్చి కళ్లు మూసుకున్నాడు. "ఇలాటిది ఒకటుంటే దిగుదునా?"

నా కోరిక అతని బతుకు, అతని కోరిక నా ఇంటి ముందు కవరు కప్పుకుని ఉంటుంది. ఈ మాట సుజాత నా మొహంలో చదివేసినట్టుంది.

మబ్బు

మధ్యాహ్నం దాటేసరికి ఒడిశా వైపు కొండలు నల్లబడ్డాయి. అరుగు మీద కబుర్లాడుతున్న వాళ్ల ఊరి ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. గాసన్న ఒక్క గెంతులో బండి దిగాడు.

ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. వంతెన లేదు. పైన వాన పడితే అది పొంగుతుంది. ఈ ఒక్క వానా అయితే రేపటికి తగ్గిపోతుంది గానీ, అవతలి గట్టంతా ఎర్రమట్టి. అది ఒకసారి నానిందంటే బరువు బండి దసరా దాకా ఎక్కదు. గాసన్న జీపు మరనీ ఇంజన్‌నీ కలిపి మొయ్యలేదు. రెండు సార్లు తిరిగే లెక్కలో ఉన్నాడు. ఇప్పుడు ఒక్కసారికే వ్యవధి ఉంది. సంతకొచ్చిన గూడ్సు ఆటోలని అడిగితే మబ్బు చూసి తలలు అడ్డంగా ఊపారు.

"ఇంజను నేకండా మర ఎందుకు, మర నేకండా ఇంజనెందుకు?" అంది బుద్రమ్మ. "వానాకాలవంతా కలుపు తీసొచ్చి, మల్లీ తిరగలే." ఆవిడ ఎడమ చెయ్యి దానంతటదే కుడి భుజం మీదికి పోయింది.

అందరూ నా బండి వైపు చూశారు. ఎవరూ అడగలేదు. అడిగినా బాగుండేది, ఏదో ఒకటి చెప్పేవాణ్ని. అయినా చెప్పాను. "నీళ్లలో దింపితే వారంటీ పోతుందేమో" అన్నాను. ఆ మాట నా చెవులకే అసహ్యంగా వినబడింది.

గాసన్న కోపగించుకోలేదు. "బావూ, ఈ బండికి కొత్త సేసినావా?" అని అడిగాడు.

నాకు అర్థం కాలేదు. సుజాత విడమరిచింది. అక్కడ మామిడికాయ గానీ సామలు గానీ, కొత్త పంట చేతికొస్తే ముందు దేవుడికి పెట్టి, ఊరందరికీ పంచుతారు. దాన్ని కొత్త అంటారు. అది జరగకుండా ఎవరూ నోట పెట్టుకోరు. అయ్యాక ఎవరూ దాచుకోరు.

"చేశాం కదా" అన్నాను. "నూకాలమ్మ గుడి దగ్గర దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం."

"అది పూజ బావూ. మరి ఏటి మోసింది?"

"కవరు" అంది సుజాత.

గాసన్న నిజంగా జాలిపడ్డాడు. పంట కోసి, గాదెలో పోసి, తినకుండా కూర్చున్న ఇంటివాణ్ని చూసినట్టు చూశాడు. "పాపం, ఇంకా పచ్చిగానే ఉన్నాది ఇది" అని బండి రెక్క మీద చెయ్యి వేసి నిమిరాడు.

వెళ్లి తొట్టీ మీది మూత తీశాను. ప్లాస్టిక్ పరుపు తీయబోతే గాసన్నే "ఉండనీ, మరకి మెత్తగుంటాది" అన్నాడు. పది చేతులు మరని ఎత్తాయి. బండి వెనక భాగం కిందికి కుంగింది. నా గుండె కూడా దాంతో పాటు కొంచెం కుంగిందని ఒప్పుకుంటాను.

గెడ్డ

ముందు గాసన్న ఇంజన్‌తో, వెనక నేను మరతో. తొట్టీలో మర చుట్టూ ఆడవాళ్లు. లోపల సుజాత, బుద్రమ్మ, పనసపండు.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. నీళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. గాసన్న జీపు తెలిసిన దారి కాబట్టి రాళ్ల పక్క నుంచి వంకర తిరుగుతూ పోయింది. నేను దాని చక్రాల జాడనే పోయాను. నీళ్లు చక్రాల సగానికి రాగానే నా బండి గోల మొదలుపెట్టింది. ముందు రాయి, కుయ్. పక్కన రాయి, కుయ్. వెనక గట్టు, కుయ్ కుయ్ కుయ్. తెరంతా ఎర్రబడింది.

"బండి ఏడుస్తంది!" అని తొట్టీలోంచి ఎవరో అరిచారు. "ఊరుకో తల్లీ, ఊరుకో, అయిపోనాది" అని ఇంకొకరు పక్క రేకు మీద జోకొట్టారు. ఆ భయంలో కూడా నాకు నవ్వాగలేదు.

అవతలి గట్టు దగ్గర జీపు ఆగిపోయింది. దాని ముందు చక్రాల లాగుడు ఎప్పుడో పోయిందట. వెనక చక్రాలు బురదలో గిర్రున తిరుగుతున్నాయి గానీ బండి అంగుళం కదల్లేదు. వెనక నీళ్లు పెరుగుతున్నాయి. గాసన్న తల బయట పెట్టి, పక్క నుంచి పొమ్మని చెయ్యి ఊపాడు. నాలుగు చక్రాల మీట వేసి, దేవుళ్లందరినీ తలుచుకుని, తొక్కాను. నా బండి ఒకసారి జారింది, నిలదొక్కుకుంది, ఎక్కేసింది. ఆడవాళ్లు దిగి మోకు కట్టారు. జీపుని లాగాం. అది పైకి రాగానే గాసన్న రెండు వైర్లూ కలిపి హారన్ మోగించాడు.

ఇన్నాళ్లూ బండి గురించి నేను చదివిన గొప్పలన్నీ అప్పుడు నిజమయ్యాయి. ఇంటి ముందు నిలబెట్టినంత కాలం వాటికి అర్థం లేదు. దారి జీపుకి తెలుసు, బలం నా బండికి ఉంది. ఏది గొప్పదో తేల్చే ఓపిక ఆ వానలో ఎవరికీ లేదు.

ఇంటికో గుప్పెడు

ఊరు చిన్నది. సగం మంది చర్చికి వెళతారు, సగం మంది ఊరి మధ్య రాళ్ల దగ్గర శంకుదేముణ్ణి కొలుస్తారు. మరని చర్చి పక్క రేకుల పాకలో దింపారు. పాస్టరు గారు ఒక ప్రార్థన చేశారు, పూజారి ఒక కోడిగుడ్డు పెట్టాడు. ఇద్దరూ కలిసి ఇంజన్‌కీ మరకీ బెల్టు బిగించారు.

ఇక ఎవరో ఒకరి చోళ్లు పోసి ఆడిస్తారనుకున్నాను. మా అనకాపల్లి మరలో పక్కవాళ్ల గోధుమల్లో మన గోధుమలు కలిస్తే తలలు పగులుతాయి. ఇక్కడ ఇంటికో గుప్పెడు తెచ్చారు. ఒకరు చోళ్లు, ఒకరు సామలు, ఒకరు కొర్రలు, ఒకరు జొన్నపొత్తు ఒలిచిన గింజలు. అన్నీ ఒకే బుట్టలో కలిపేశారు. తొలి పిండి ఏ ఒక్క ఇంటిదీ కాకూడదట. బుద్రమ్మ ఎడమ చేత్తో గింజలు పోసింది. ఇంజన్ దగ్గింది, దగ్గింది, అందుకుంది. ఏ రంగో చెప్పలేని పిండి వేడివేడిగా గుడ్డసంచిలోకి దిగింది. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చేతులు పెట్టి చూశారు. ఒకావిడ ఆ పిండి చెంపకి రాసుకుని ఏడ్చేసింది.

కుండలో జావ కాచి, దేవుడికి పెట్టి, అడ్డాకు దొప్పల్లో పోసి అందరికీ ఇచ్చారు. బండ్లు రెండింటికీ ముందు భాగాన పిండి బొట్టు పెట్టారు. మొదటి బొట్టు నా బండికి. "ఇప్పుడు కొత్తయ్యింది" అన్నాడు గాసన్న తృప్తిగా. పనసపండు కోసి ఊరందరికీ పంచాం. ఆ జావలో ఉప్పు తక్కువైంది. అయినా నేను రెండోసారి పోయించుకున్నాను. ఆ ఊరు నన్ను అడక్కుండా అంత పెద్ద పనిలో చేర్చుకుంది. అందుకు నాకు ఇప్పటికీ కృతజ్ఞతగా ఉంది. తర్వాత ఇంటింటికీ మర్నాటి పిండి ఆడించారు. చీకటి పడేదాకా ఇంజన్ ఆగలేదు.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోవలసింది లేదు. మర్నాడు మధ్యాహ్నానికి గెడ్డ తగ్గింది. ఖాళీ బండి కాబట్టి గట్టు దిగిపోయింది. గాసన్నకి చదువుకోవడానికి ఒక కళ్లజోడు పంపాను. పాత జీపు కొనే ఆలోచన మానేశాను. ఇప్పుడు మా పేటలో ఎవరికి ఏం మోయించుకోవాలన్నా మా గుమ్మం తొక్కుతున్నారు. ఒక్క ఆ తెల్లవారి సంగతి మాత్రం చెప్పి ముగిస్తాను.

తెల్లవారి

బుద్రమ్మ ఇంట్లో పడుకున్న నాకు మొహం మీద ఎండ పడి మెలకువ వచ్చింది. బయటికి వచ్చి చూస్తే వీధిలో ఒక్క మనిషి లేడు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. కోళ్లు కూసి కూసి ఊరుకుని, బురదలో పురుగులు ఏరుకుంటున్నాయి. ఆవులు కట్లు విప్పేవాళ్లు లేక అరుస్తున్నాయి. ఏదైనా కీడు జరిగిందేమో అని నాకు భయం వేసింది. సుజాతని లేపాను.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. గాసన్న కళ్లు నులుముకుంటూ వచ్చి, ఎండ చూసి, నోరు తెరిచాడు. "ఇదేటి, తిరగలి సప్పుడు నేకపోతే ఊరికి మెలకువే రానేదు!" అని కేకేశాడు. ఒక్కొక్క తలుపే తెరుచుకోసాగింది. జుట్టు రేగిన మొహాలతో ఆడవాళ్లు బయటికి వచ్చి, ఒకరినొకరు చూసుకుని, తప్పు చేసినవాళ్లలా ముందు సిగ్గుపడి, తర్వాత విరగబడి నవ్వారు.

అందరికంటే ఆఖరున బుద్రమ్మ వచ్చింది. అరుగు మీద సుజాత పక్కన కూర్చుంది. కొండ మీదికి బారెడు ఎక్కేసిన సూర్యుడి వైపు కళ్లు చికిలించి చూసింది.

"టీచరమ్మా, నేను పుట్టేక పొద్దు నాకంటే ముందు లెగడం ఇదే తొలిసారి" అంది.